డిస్పోజల్ వేరు, పని జరగడం వేరు

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో "స్థానిక సంస్థల సేవలు - పనితీరు కొలత" అనే అంశంపై చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఈ విషయం మీద మాట్లాడమన్నప్పుడు, ఇది పెద్ద అధికారులు, ప్రొఫెసర్లు చెప్పవలసిన సంగతి కదా, మునిసిపల్ ఆఫీసులో గుమాస్తాగా చేరి సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయిన నాకెందుకండీ అన్నాను. "కొలిచేవాళ్లు చాలామంది మాట్లాడారు, కొలతకు దొరికినవాళ్లు ఇంతవరకూ మాట్లాడలేదు" అన్నారాయన. ఆ మాట కాదనలేకపోయాను. పైగా ఇప్పుడు మనం కౌంటరుకు ఇవతల నిలబడే మనుషులం. రెండు వైపులా నిలబడి చూసినవాళ్లు చెప్పవలసినది కొంత ఉంటుంది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన ఆఫీసులలో నాటి నుంచి నేటి వరకు కాగితం ఎంత వేగంగా కదిలిందో కొలుస్తున్నాం. ఆ కాగితం పెట్టుకున్న మనిషి పని అయిందా లేదా అన్నది కొలవటం లేదు. ఈ రెండింటి మధ్య ఎంత దూరముందో, ఆ దూరం మనవంటి ఇళ్లలో ఎంత ఇబ్బంది తెస్తుందో మనవి చేస్తాను.

పాత పద్ధతి

మనలో పెద్దవాళ్లకు టాటన్‌హామ్ పద్ధతి గుర్తుండే ఉంటుంది. మద్రాసు రాష్ట్రంలో పనిచేసిన ఐ.సి.ఎస్. అధికారి టాటన్‌హామ్ దొర పేరు మీద వచ్చిన ఆఫీసు పద్ధతి అది. తపాలు వచ్చిందంటే డిస్ట్రిబ్యూషన్ రిజిస్టరులో ఎక్కాలి, కరెంటు నంబరు పడాలి, సెక్షను గుమాస్తా పర్సనల్ రిజిస్టరులో చేరాలి. ఎవరి దగ్గరనుంచి వచ్చింది, ఎప్పుడు వచ్చింది, విషయమేమిటి, ఎవరికి రాశాం, జవాబు ఎప్పుడు వచ్చింది, రిమైండరు ఎప్పుడు వేశాం, చివరికి ఎలా ముగించాం అన్నీ ఆ గళ్లలో ఉండేవి. ముగింపుకు కూడా రకాలుండేవి. ఎల్.డిస్. అంటే ఏడాది ఉంచి చింపేసేది, కె.డిస్. మూడేళ్లు, డి.డిస్. పదేళ్లు, ఆర్.డిస్. శాశ్వతంగా దాచేది. కాగితాన్ని ఉన్నదున్నట్టుగా వచ్చినచోటికే తిప్పి పంపితే ఎన్.డిస్. ఈ అక్షరాలు వింటే ఇప్పటికీ మనలో కొందరి చెయ్యి కలం కోసం వెతుకుతుంది.

ఆ పద్ధతిని నేను తక్కువ చేసి మాట్లాడను. ప్రతి కాగితానికీ ఒక నంబరు, ప్రతి నంబరుకూ ఒక మనిషి ఉండేవాడు. "ఆ అర్జీ ఎవరి దగ్గరుంది?" అని అడిగితే జవాబు దొరికేది. సూపరింటెండెంటు వరసగా పర్సనల్ రిజిస్టర్లు తిరగేసి ఎర్ర సిరాతో "ఎందుకు పెండింగు?" అని రాసేవాడు. నెలనెలా అరియర్ లిస్టు వెళ్లేది. సంవత్సరానికొకసారి తనిఖీ. పనితీరును కొలవడమన్నది ఏదో కొత్తగా విదేశాల నుంచి వచ్చిందని ఈ కాలపు పిల్లలనుకుంటారు గానీ, మనం దానిలోనే పుట్టి పెరిగాం.

అయితే ఆ రిజిస్టరు కొలిచినది డిస్పోజల్‌ను. కాగితం మన బల్ల దాటితే డిస్పోజల్. "వివరాలు చాలనందున తిప్పి పంపడమైనది" అంటే డిస్పోజల్. "తగు చర్య నిమిత్తం ఫలానా వారికి పంపడమైనది" అన్నా డిస్పోజలే. వీధి కొళాయి రావటం లేదని అర్జీ పెట్టిన మనిషికి నీళ్లు వచ్చాయా లేదా అని రాసే గడి మాత్రం ఆ రిజిస్టరులో లేదు. దానికి దొరను అనవలసిన పనిలేదు. ఆయన పద్ధతి ఆఫీసులో కాగితం పోకుండా చూడటానికి పుట్టింది, ఊళ్లో నీళ్లు రావటానికి కాదు. మనం మాత్రం ఆ కొలతనే సేవకు కూడా కొలత అనుకున్నాం.

మరొక సంగతి. అరియర్ లిస్టులో ఉన్నదున్నట్టు "నా దగ్గర నూట నలభై పెండింగు" అని రాసిన గుమాస్తాకు మెమో వచ్చేది. కాగితాలు అటూ ఇటూ తిప్పి "ముప్పయ్యే" అని రాసినవాడికి మెప్పు వచ్చేది. నిజం చెప్పినవాడికి శిక్షా, లెక్క సర్దినవాడికి సన్మానమూ దొరికే ఆఫీసులో కొన్నాళ్లకు నిజమైన లెక్క మిగలదు, కాకిలెక్కలే మిగులుతాయి. ఇది గుమాస్తాల గుణం గురించి చెప్పటం లేదు. ఎవరినైనా అదే స్థితిలో కూర్చోబెడితే జరిగేదిదే.

ఇక మన వ్యక్తిగత పనితీరు రహస్య నివేదికలో ఉండేది. చెడు రాస్తే తెలియజేసేవారు, మిగతాది తెలిసేది కాదు. 2008లో దేవ్‌దత్ కేసులో సుప్రీంకోర్టు ప్రతి వ్యాఖ్యనూ ఉద్యోగికి తెలియజేయాలని తీర్పు చెప్పింది. అప్పటికి మనలో చాలామంది సర్వీసు అయిపోయింది.

వచ్చిన మార్పులు

ఇంగ్లండులో 1991లో సిటిజన్స్ చార్టర్ అని ఒకటి తెచ్చారు. ఏ సేవ ఎన్ని రోజుల్లో చేస్తామో ప్రభుత్వం ముందుగా ప్రజలకు రాసివ్వటమన్నమాట. మన దేశంలో 1997 మే నెలలో జరిగిన ముఖ్యమంత్రుల సమావేశంలో మనమూ అలా చెయ్యాలని నిర్ణయించారు. తర్వాత మునిసిపల్ ఆఫీసుల గోడల మీద పెద్ద బోర్డులు వెలిశాయి. జనన మరణ ధ్రువపత్రం ఇన్ని రోజులు, కొళాయి కనెక్షను ఇన్ని రోజులు, ఇంటి పన్ను పేరు మార్పిడి ఇన్ని రోజులు అని. కొన్నిచోట్ల ఆ బోర్డు కింద బీరువా పెట్టేస్తే సగం గడువులు కనబడేవి కావు, అది వేరే సంగతి.

మన రాష్ట్రంలో 1995లో ప్రజల వద్దకు పాలన వచ్చింది. 1998లో రిజిస్ట్రేషను ఆఫీసుల్లో కంప్యూటర్లతో కార్డ్ పద్ధతి వచ్చింది. 2001లో హైదరాబాదులో ఈ-సేవ, 2011 నవంబరులో మీ-సేవ వచ్చాయి. రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. వీటి గురించి ఎవరి రాజకీయాభిప్రాయం వారికుంటుంది, దాని జోలికి నేను పోను. గుమాస్తా కంటితో చూస్తే వీటన్నిటిలో ఒక గొప్ప సంగతి ఉంది. అర్జీ తీసుకునేవాడు వేరు, పని చేసేవాడు వేరు అయ్యారు. అర్జీ అందిన తేదీ సెక్షను చేతిలోనుంచి జారిపోయింది. పూర్వం "సార్, రేపు నంబరు వేస్తాం, కాగితం అక్కడ పెట్టండి" అంటే ఆ రేపు ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. మీ-సేవలో డబ్బు కట్టి రసీదు తీసుకున్న క్షణమే గడియారం తిరగటం మొదలవుతుంది. కంప్యూటరులో వివరాలు సిద్ధంగా ఉంటే కౌంటరు మీదే పావుగంటలో ఇచ్చేవి 'ఎ' రకం, విచారణ కావలసి గడువుతో ఇచ్చేవి 'బి' రకం అని విభజించారు. ఇది మామూలు మార్పు కాదు. ఒక్క ధ్రువపత్రం కోసం చెప్పులరిగేలా తిరిగినవాళ్లకు దాని విలువ తెలుసు.

చట్టాలూ వచ్చాయి. 2005 సమాచార హక్కు చట్టం 30 రోజుల గడువు పెట్టి, సరైన కారణం లేకుండా దాటితే అధికారి జేబులోనుంచి రోజుకు 250 రూపాయలు, 25,000 మించకుండా, జరిమానా అంది. సేవల హామీ చట్టం దేశంలో మొదట 2010లో మధ్యప్రదేశ్ తెచ్చింది. పక్కనున్న కర్ణాటకలో 2012లో 'సకాల' వచ్చింది. అక్కడ గడువు దాటితే అర్జీదారుకు రోజుకు 20 రూపాయల చొప్పున 500 వరకు పరిహారం. ఆంధ్రప్రదేశ్ 2017లో ఇటువంటి చట్టం చేసింది. 20 రూపాయలతో ఎవరి ఇల్లూ నిలవదు గానీ, ఆలస్యం తన తప్పని ఆఫీసు ఒప్పుకుని ఇచ్చే పైసా అది. ఆ ఒప్పుకోలుకు విలువుంది.

ఊరిని కొలవడం

ధ్రువపత్రాల సంగతి ఇది. నీళ్లు, మురుగు, చెత్త వంటి సేవలను కొలిచేందుకు 2008లో కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ ఒక చేతిపుస్తకం తెచ్చింది. మంచినీళ్లకు 9, మురుగునీటి పారుదలకు 9, చెత్తకు 8, వాననీటి కాలవలకు 2, మొత్తం 28 కొలతలు. ఉదాహరణకు మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు, 24 గంటల సరఫరా, లెక్కకు రాకుండా పోయే నీరు 20 శాతం మించకపోవటం, నీటి ఫిర్యాదుల్లో కనీసం 80 శాతం 24 గంటల్లో తీర్చటం. 2010 నుంచి 2015 వరకు అమలైన పదమూడో ఆర్థిక సంఘం, పట్టణ సంస్థలు వచ్చే ఏడాదికి తమ లక్ష్యాలేమిటో ముందుగా గెజెట్‌లో ప్రకటిస్తేనే పనితీరు గ్రాంటు అని షరతు పెట్టింది.

ఈ పుస్తకంలో నాకు అన్నిటికంటె నచ్చినది ఒక చిన్న ఏర్పాటు. ప్రతి అంకె పక్కనా ఆ అంకెను ఎంతవరకు నమ్మవచ్చో 'ఎ' నుంచి 'డి' వరకు ఒక గ్రేడు వెయ్యమన్నారు. మీటరు పెట్టి కొలిచినదయితే పై గ్రేడు, అంచనా వేసి రాసినదయితే కింది గ్రేడు. నా సర్వీసులో ఎన్నో స్టేటుమెంట్లు చూశాను. "ఈ అంకె అంచనా మాత్రమే" అని రాయటానికి చోటిచ్చిన ఫారం మరొకటి నా కంటబడలేదు. ఇందాక చెప్పిన మెమో భయానికి ఇదే సగం మందు. నిజం రాయటానికి ముందు ఒక గడి ఉండాలి.

సగటు లెక్కలతోనూ జాగ్రత్త అవసరం. లక్ష జనాభా ఉన్న ఊరికి రిజర్వాయరునుంచి రోజుకు 1 కోటి 35 లక్షల లీటర్లు వదిలారనుకోండి. మనిషికి 135 లీటర్లు, లెక్క బ్రహ్మాండంగా ఉంది. దారిలో లీకులకు ఐదోవంతు పోతే 108కి దిగుతుంది. ఆ 108 అయినా అందరికీ సమానంగా రాదు. ట్యాంకు పక్క వీధివాళ్లు కార్లు కడుగుతారు, పల్లంలోనో చివరలోనో ఉన్న వీధిలో బిందె నిండదు. సగటు చూసేవాడికి ఊరంతా చల్లగా ఉంటుంది. అందుకే కొలత ఆఖరి కొళాయి దగ్గర మొదలుకావాలి.

ఒక సోదరి కథ

ఇంతవరకు అంకెలు చెప్పాను. ఇప్పుడు మన ఇళ్లకు సంబంధించినది చెబుతాను. పేర్లు, ఊళ్లు చెప్పను, ఎవరినీ నిందించటం నా ఉద్దేశం కాదు.

నాతో పనిచేసిన ఒక మిత్రుడు పొరుగు పట్టణంలో ఆసుపత్రిలో కాలం చేశాడు. మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు చెయ్యాలి కాబట్టి ఆ పట్టణంలోనే నమోదయింది. ఆసుపత్రి కాగితంలో ఆయన పేరు పొట్టిగా, ఇంటిపేరు అక్షరంతో రాశారు. పెన్షను పేమెంటు ఆర్డరులో పూర్తి పేరుంది. రెండూ కలవటం లేదు, పేరు సరిచేయించుకుని రమ్మన్నారు ట్రెజరీలో. అది వాళ్ల తప్పు కాదు. కుటుంబ పెన్షను ఇచ్చేవాడు పేరు చూసుకోవాలి కదా.

ఆ సోదరి పేరు సవరణకు దరఖాస్తు పెట్టింది. పన్నెండో రోజున "జతపరచిన కాగితాలు చాలవు" అని తిరస్కరించారు. ఏ కాగితం చాలదో అందులో లేదు. కనుక్కుని మళ్లీ పెట్టింది. పద్నాలుగో రోజున "వివరణ కోరుతూ ఆసుపత్రికి రాయడమైనది" అని ముగించారు. ఆసుపత్రి జవాబిచ్చింది. ఆ జవాబు ముగిసిన దరఖాస్తు నంబరు మీద వచ్చింది కాబట్టి ఎవరి తెర మీదా కనబడలేదు. మూడోసారి పెడితే పదమూడో రోజున "ఆసుపత్రి జవాబు జతపరచలేదు" అని తిరస్కరించారు. ఆవిడ ఆసుపత్రికి వెళ్లి జవాబు నకలు తెచ్చి నాలుగోసారి పెట్టింది. ఆరు రోజుల్లో సవరించిన పత్రం చేతికొచ్చింది.

ఇప్పుడు లెక్క చూడండి. ఆఫీసు రికార్డులో నాలుగు దరఖాస్తులు వచ్చాయి, నాలుగూ 15 రోజుల గడువులోనే పరిష్కారమయ్యాయి. నూటికి నూరు మార్కులు. ఆ నెల నివేదికలో ఆ సెక్షను పచ్చరంగులోనే ఉండి ఉంటుంది. ఆవిడ వైపునుంచి చూస్తే మొదటి అర్జీ పెట్టిన రోజునుంచి పత్రం చేతికొచ్చిన రోజువరకు అయిదు నెలలు దాటింది. ఒక దరఖాస్తుకూ మరొక దరఖాస్తుకూ మధ్య ఆవిడ బస్సుల్లో తిరిగిన రోజులు, మనవడు సెలవు పెట్టి తోడొచ్చిన రోజులు ఎవరి రిజిస్టరులోనూ లేవు. ఆ అయిదు నెలలూ కుటుంబ పెన్షను లేదు. మందుల దుకాణంలో అప్పు పెట్టింది. నలభై ఏళ్లు ప్రభుత్వ ఉద్యోగి ఇంట్లో గౌరవంగా బతికిన మనిషి.

ఇందులో లంచమడిగినవాడు లేడు, దురుసుగా మాట్లాడినవాడు లేడు. ప్రతి ఒక్కరూ తమ గడువు కాపాడుకున్నారు. తిలాపాపం తలా పిడికెడు. కొలత ఎలా పెడితే పని అలా జరుగుతుందనటానికి నాకు ఇంతకంటె పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. తిరస్కారాన్ని కూడా పరిష్కారమని లెక్కగట్టే ఆఫీసులో, గడువు దగ్గరపడిన కాగితానికి అన్నిటికంటె దగ్గర దారి తిరస్కారమే.

ఏం చెయ్యవచ్చు

దీనికి కోట్ల రూపాయలు ఖర్చుపెట్టనక్కర్లేదు. మొదటి అర్జీ తేదీనే తేదీగా పట్టుకుని, అదే పని మీద మళ్లీ వచ్చిన అర్జీలను దానికే కలపాలి. పరిష్కారం, తిరస్కారం, మరొకరికి పంపినది అని మూడు వేరువేరు గళ్లు పెట్టాలి. మొత్తం కలిపి 'డిస్పోజల్' అనకూడదు. తిరస్కరించేటప్పుడు ఇంకా ఏం కావాలో అన్నీ ఒకేసారి రాయాలి. మన పాత ఆఫీసు మర్యాదలో ఇది ఉండేది. అడగవలసినవన్నీ ఒక్క మెమోలో అడగకుండా ముక్కలు ముక్కలుగా అడిగితే సూపరింటెండెంటు ఊరుకునేవాడు కాదు.

ముగించామన్న అర్జీల్లో కొన్నిటిని ఏరి, ఆ సెక్షనుకు సంబంధం లేని మనిషి చేత ఫోను చేయించి "అమ్మా, మీ పని అయిందా?" అని అడిగించాలి. బెంగళూరులో పబ్లిక్ అఫైర్స్ సెంటర్ అనే స్వచ్ఛంద సంస్థ 1994లో పెద్ద ఎత్తున చేసినది ఇంచుమించు ఇదే. శామ్యూల్ పాల్ గారి ఆధ్వర్యంలో నీళ్లు, కరెంటు, కార్పొరేషను వంటి సేవలు వాడుకునే ప్రజలనే అడిగి, ఆ సంస్థలకు బడిపిల్లల మాదిరి ప్రోగ్రెస్ రిపోర్టులు ఇచ్చారు. 1999లో, 2003లో మళ్లీ ఇచ్చారు. ఆఫీసు తన మార్కులు తనే వేసుకోవటం మానితే కొలతకు ప్రాణం వస్తుంది.

నేను పనిచేసిన ఒక కమిషనరుగారి పద్ధతి కూడా చెప్పాలి. ఆయన ప్రతి సోమవారం ఎంత శాతం అయిందని అడిగేవారు కాదు. "ఆఫీసులో అన్నిటికంటె పాతవి పది కాగితాలు తీసుకురండి" అనేవారు. ఆ పదింటి మీద గంటసేపు కూర్చునేవారు. ఎవరినీ తిట్టేవారు కాదు. "ఇది ఎక్కడ ఆగింది? ఎవరితో మాట్లాడితే కదులుతుంది?" అని అడిగి, అక్కడికక్కడే ఫోను చేసేవారు. శాతం అడిగితే తేలిక కాగితాలు ముందు తీసి లెక్క నింపుతాం, కష్టమైనవి అడుగున పడతాయి. అతి పాతది అడిగితే అడుగున పడ్డది పైకి రాకతప్పదు. ఏడాది తిరిగేసరికి మా దగ్గర పాత కాగితమంటే మూడు నెలలదే. నిజమైన పెండింగు చెప్పటానికి ఎవరూ భయపడలేదు కాబట్టి ఇది సాధ్యమైంది.

ఇక్కడ మన తర్వాతి తరం ఉద్యోగుల పక్షాన కూడా ఒక మాట చెప్పకపోతే న్యాయం కాదు. ఖాళీలు నింపకుండా, ఒక్క మనిషికి మూడు సెక్షన్లు అప్పగించి, సర్వరు పనిచెయ్యకపోయినా గడువు మాత్రం నడిపించి, సాయంత్రానికి ఎర్రరంగు చూపించి సంజాయిషీ అడగటం కొలత కాదు, వేధింపు. సెక్షనుకు ఎంత పని వచ్చింది, ఎంతమంది ఉన్నారు అన్న అంకెలు కూడా అదే తెర మీద పక్కనే కనబడాలి. మనుషుల్ని ఇవ్వనివాడి పనితీరు కూడా కొలతలోకి రావాలి కదా.

మనం చెయ్యగలిగినవి

ముందు మన ఇంటి సంగతి. ఇవాళ ఇంటికి వెళ్లగానే సర్వీసు రిజిస్టరు నకలు, పెన్షను పేమెంటు ఆర్డరు, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం పక్కపక్కన పెట్టి, మీ పేరు, మీ భార్య లేక భర్త పేరు అక్షరం అక్షరం కలుస్తున్నాయేమో చూడండి. కలవకపోతే మనం ఉండగానే సరిచేయించాలి. మనం పోయాక ఆ పని మనవాళ్ల నెత్తిన పడుతుంది. అమంగళమనుకోకండి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవటం ఎందుకు? ఆసుపత్రిలో చేర్చేటప్పుడు పూర్తి పేరే రాయించమని పిల్లలకు చెప్పండి.

1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం మరణాన్ని 21 రోజుల్లోగా తెలియజేయాలి. ఆసుపత్రిలో జరిగితే ఆ బాధ్యత ఆసుపత్రిది, ఇంట్లో జరిగితే ఇంటివారిది. 21 దాటి 30 రోజుల్లోపల అయితే ఆలస్య రుసుము. ఆపైన ఏడాదిలోపు పై అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. తప్పు పడితే సవరించే అధికారం అదే చట్టం రిజిస్ట్రారుకిచ్చింది. 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం నమోదయిన ఏడు రోజుల్లోగా ధ్రువపత్రం ఉచితంగా ఇవ్వాలి. రిజిస్ట్రారు చర్య మీద 30 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు, దాన్ని 90 రోజుల్లో తేల్చాలి. మన సోదరికి అప్పుడు ఈ అప్పీలు సంగతి చెప్పినవారు లేరు. ఇప్పుడు మనందరికీ తెలిసింది కాబట్టి పదిమందికి చెప్పండి.

ఏ ఆఫీసుకు వెళ్లినా నోటిమాటతో తిరిగిరావద్దు. నంబరు, తేదీ ఉన్న రసీదు తీసుకోండి. తిరస్కరిస్తే కారణం కాగితం మీద అడగండి. పనిచేసిన ఉద్యోగి కనబడితే ఆ సంగతి పై అధికారికి ఒక ఉత్తరం ముక్క రాయండి. నా సర్వీసు మొత్తంలో ప్రజలనుంచి అటువంటి ఉత్తరాలు రెండే వచ్చాయి. రెండూ ఇప్పటికీ నా ట్రంకుపెట్టెలో భద్రంగా ఉన్నాయి.

ఇక సంఘానికి నా ప్రతిపాదన. మన కార్యాలయంలో ఒక రిజిస్టరు పెడదాం. గళ్లు గీయటం మనకెవరూ నేర్పనక్కర్లేదు. సభ్యుని పేరు, ఏ పని, మొదటిసారి ఆఫీసు మెట్లెక్కిన తేదీ, రసీదు నంబరు, ఎన్నిసార్లు తిరిగారు, ఎన్నిసార్లు తిరస్కరించారు, పని చేతికి దక్కిన తేదీ. అంతే. ఏ ఉద్యోగి పేరూ రాయవద్దు. పేర్లు రాస్తే అది ఫిర్యాదుల పుస్తకమవుతుంది, వాళ్లు రక్షణకు దిగుతారు. ఏడాదయ్యాక లెక్కగట్టి, మునిసిపల్ కమిషనరుగారి దగ్గరకు మర్యాదగా వెళ్లి, "అయ్యా, మీ లెక్కలో ఇది 15 రోజుల పని. మా రిజిస్టరులో ఇన్ని రోజులు పట్టింది. తేడా ఎక్కడొస్తున్నదో కలిసి చూద్దాం" అని చెబుదాం. మన రిజిస్టరు చూసి తోసిపుచ్చటం ఏ అధికారికైనా కష్టం. అది రాసినవాళ్లంతా రిజిస్టర్లు రాయటంలో తల పండినవాళ్లే. కాగితం ఎక్కడ ఆగుతుందో మనకు తెలిసినంతగా మరెవరికి తెలుస్తుంది?

ఆ రిజిస్టరులో చివరి గడికి 'డిస్పోజల్' అని మాత్రం పేరు పెట్టవద్దని నా మనవి. 'పని అయిన తేదీ' అని తెలుగులో రాసుకుందాం. రాయటానికి మధ్యాహ్నం పూట రోజుకో గంట కూర్చోవటానికి నేను సిద్ధంగా ఉన్నాను. నాకు తోడు ఇంకొక ఇద్దరు ముందుకొస్తే, వచ్చే నెల ఒకటో తారీఖునుంచే మొదలుపెట్టవచ్చు. అధ్యక్షులవారు ఈ ప్రతిపాదనను తీర్మానంగా సభ ముందుంచవలసిందిగా కోరుతున్నాను.